పెన్సిల్ పట్టక ముందు

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా పనిముట్ల గురించే అడుగుతారు. ఏ ట్యాబ్ కొనాలి మాస్టారూ, ఏ బ్రష్ సెట్ బావుంటుంది, బాపు గారి గీత రావాలంటే ఏ పాళీ వాడాలి. ఏదో ఒకటి కొనుక్కోండి, ఏడాది తిరిగేసరికి చెయ్యి దానికి అలవాటు పడుతుంది. విజయవాడలో లెటర్ ప్రెస్ రోజుల్లో వారపత్రికల కథలకి బొమ్మలు వేస్తూ మొదలుపెట్టాను. తర్వాత హైదరాబాదులో పుస్తకాల అట్టలు, పాఠ్యపుస్తకాలు, లోగోలు, శుభలేఖలు, ఏది వస్తే అది చేశాను, ఏనాడూ ఎవరి దగ్గరా నెలజీతం లేకుండా. నేను చూసినంతలో ఫ్రీలాన్సు ఆర్టిస్టు బాగుపడినా చెడిపోయినా బొమ్మ మొదలెట్టక ముందు జరిగే పనుల్లోనే. కింద గీయడం గురించి తక్కువ, మిగతావాటి గురించి ఎక్కువ రాశాను.

1. కథ మొత్తం చదవండి

"సారాంశం వాట్సాప్‌లో పెడతాం, బొమ్మ వేసెయ్యండి" అంటారు. ఒప్పుకోవద్దు. ఇల్లు కట్టే తీరు సారాంశంలో ఉండదు. రాయలసీమ కథలో ఇల్లంటే మట్టికప్పు మిద్దె. ఉత్తరాంధ్ర తీరం కథలో గాలివానకి తట్టుకునే చుట్టిల్లు ఉండొచ్చు. గోదావరి కథలో మండువా లోగిలి. ఈ మూడింటికీ ఒకే పెంకుటిల్లు వేసి పంపితే సంపాదకుడు గమనించకపోవచ్చు. ఆ ఊరి పాఠకుడు మొదటి చూపులోనే పట్టేస్తాడు, ఆ తర్వాత కథని కూడా నమ్మడు.

చదవడంలో రెండో లాభం, ఏ క్షణాన్ని గీయాలో తెలుస్తుంది. ముగింపుని బొమ్మలో పెట్టేస్తే రచయిత కడుపు కొట్టినట్టే. చందమామలో శంకర్ గారు వేసిన బేతాళ కథల బొమ్మ గుర్తు తెచ్చుకోండి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడుస్తుంటాడు. ప్రశ్న ఇంకా పడలేదు, జవాబు ఇంకా రాలేదు. ఏ నెల కథకైనా సరిపోయే క్షణం అది. అలాంటి చోటు వెతకడానికి పట్టే సమయం గీతకి పట్టే సమయం కన్నా ఎక్కువే ఉంటుంది. దాన్ని కూడా పనిగంటల్లో కలుపుకోండి.

2. ఎక్కడ అచ్చవుతుందో అడగండి

డెమ్మీనా, క్రౌనా? ఏ కాగితం? ఎన్ని రంగులు? ఈ మూడూ తెలియకుండా స్కెచ్ కూడా వేయకూడదు.

మా తరానికి ఇది వేరే ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, ప్రెస్సే నేర్పింది. నీడల బొమ్మ, అంటే బూడిదరంగు వాష్, వేస్తే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. ఖర్చు ఎక్కువ, పైగా న్యూస్‌ప్రింట్ మీద చుక్కలన్నీ అలుక్కుపోయి ముఖం మసిబారేది. గీతల బొమ్మకైతే లైన్ బ్లాకు చాలు, జింకు మీద చవగ్గా అయిపోయేది. అందుకే ఆ కాలపు తెలుగు కథల బొమ్మల్లో నల్లగీతకి అంత బలం వచ్చింది. నీడ కావాలంటే గీతలు దగ్గర దగ్గరగా పెట్టడమో, ఇండియన్ ఇంకుతో నిండుగా నలుపు పూయడమో చేసేవాళ్లం. దాన్ని ఇప్పుడు శైలి అంటున్నారు. సగం శైలి, సగం బ్లాకు బిల్లు.

ఇప్పటి చిక్కులు వేరు. తెరమీద మెరిసే ఆకుపచ్చా నీలమూ నాలుగు రంగుల అచ్చులోకి వెళ్లేసరికి చప్పబడతాయి, కాబట్టి సీఎంవైకేలో చూసుకున్నాకే పార్టీకి చూపించండి. ముందు మెరిసేది చూపిస్తే అచ్చయినది చూసి మీరే మోసం చేశారనుకుంటారు. అక్షరాల నలుపు ఒక్క నల్ల ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగులూ కలిపి నలుపు చేస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల అంచున ఎరుపో నీలమో తొంగిచూస్తుంది. కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు వదలండి. అట్టకి స్పైన్ మందం పేజీలు తేలాకే లెక్కేయండి. "సుమారు రెండొందల పేజీలు" అని పబ్లిషర్ అన్న మాట మీద స్పైన్ వేసేస్తే, పుస్తకం వచ్చాక పేరు పక్కకి జారి కూర్చుంటుంది.

3. అక్షరం కూడా మీ బాధ్యతే

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోచోట ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీషు పేరుకి వదిలిన ఖాళీలో తెలుగు పేరు పట్టదు. అట్టబొమ్మ వేసేటప్పుడే పేరుకి చోటు గీసి పెట్టుకోండి.

డీటీపీ ఆపరేటర్ అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. యూనికోడ్ మాటని ఫొటోషాప్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడొచ్చు. దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్‌ని సెట్టింగ్స్‌లో ఎంచుకుంటే మళ్లీ సరిగ్గా కూర్చుంటాయి. ఇది తెలియక పేరుని బొమ్మలా అతికించి పంపేవాళ్లని చూశాను, చివరి నిమిషంలో దీర్ఘం సరిచేయాలంటే ఇక గందరగోళమే. ఫాంటు లైసెన్సు కూడా చూసుకోవాలి. సిలికానాంధ్ర తరఫున పురుషోత్ కుమార్ గారు రూపొందించిన రామభద్ర, గురజాడ, మల్లన్న లాంటి ఫాంట్లు బహిరంగ లైసెన్సుతో వచ్చాయి. వ్యాపార పనులకి కూడా నిర్భయంగా వాడుకోవచ్చు.

అట్ట మీది పేరుని మీరు కాక ఇంకొకరు చదవాలి. బొమ్మ వేసినవాడికి తప్పు కనపడదు.

4. రేటు నోటితో చెప్పి వదిలేయకండి

స్కెచ్‌కి ఎంత, ఫైనల్‌కి ఎంత, ఎన్ని సవరణలు ఉచితం, ఆ పైన ఒక్కోదానికి ఎంత, అడ్వాన్సు ఎంత. అర పేజీ చాలు. మెయిల్‌లో పంపి "సరే" అనిపించుకోండి. మన దగ్గర డబ్బు మాట ముందే ఎత్తితే మర్యాద కాదనుకుంటారు. "మనలో మనకేమిటండీ" అన్న మనిషి దగ్గర ఆ అర పేజీ మరీ అవసరం.

ఉచితంగా చేయకూడదని నేననను. ఆర్టిస్టు మోహన్ గారు ఉద్యమాల వాళ్లకీ కవులకీ వేసిచ్చిన బొమ్మలకి లెక్కే లేదు. అది ఆయన ఎంచుకున్న దారి. "మీకు పేరొస్తుంది" అంటూ బేరం తెచ్చేవాడి లెక్కలో మీ చాకిరీ ముందే సున్నా. రెంటినీ కలపొద్దు.

5. హక్కు ఎవరిదో రాసుకోండి

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా సృష్టించినవాడే తొలి హక్కుదారు. కానీ 17వ సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. ఒకరు డబ్బిచ్చి చెప్పి వేయించుకున్న పెయింటింగుకీ, రూపచిత్రానికీ, వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. అంటే మీరు నోరు మూసుకుని ఊరుకుంటే హక్కు జారిపోయే అవకాశం ఉంది. ఒక్క వాక్యం రాసుకుంటే జారదు. పత్రికలో ఉద్యోగం చేసే ఆర్టిస్టు సంగతి ఇంకో రకం. ఆ ఉద్యోగంలో భాగంగా పత్రిక కోసం వేసినదాన్ని పత్రికలో ప్రచురించుకునే హక్కు యజమానిది. వేరే ఒప్పందం లేకపోతే మిగతా హక్కులు వేసినవాడివే. ఈ సంగతి చాలామంది స్టాఫ్ ఆర్టిస్టులకి రిటైరయ్యేదాకా తెలియదు.

హక్కు అమ్మాలంటే కాగితం మీద, సంతకంతోనే అమ్మాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 సంవత్సరాలనీ, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం లెక్కవేస్తుంది. మీ కాపీరైట్ మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. పిల్లలకి కూడా ఉపయోగపడే ఆస్తి. అందుకని మొదటి ముద్రణకి ఒక ధర, మళ్లీ ముద్రణకి ఒకటి, క్యాలెండర్లకీ కప్పులకీ టీషర్టులకీ ఇంకొకటి అని విడగొట్టి చెప్పండి. మొత్తం రాసిచ్చెయ్యమంటే రేటు కూడా ఆ లెక్కనే ఉండాలి. హక్కులు అమ్మేశాక కూడా, వేసింది నేనేనని చెప్పుకునే హక్కు, నా పేరు చెడేలా బొమ్మని వికృతం చేస్తే అడ్డుపడే హక్కు 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటాయి.

సంతకం బొమ్మ లోపలే పెట్టండి. "బాపు" అన్న రెండక్షరాలూ, "వ.పా." అన్న పొడి అక్షరాలూ ఎక్కడ కూర్చుంటాయో గమనించండి. అంచున పెడితే కటింగ్ మిషనుకి పోతుంది.

6. సవరణ చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి

కమిటీకి బొమ్మ వేయకండి. కమిటీ ఉంటే అందరి మాటలూ ఒక్కరి నోటి మీదుగా రావాలని ముందే షరతు పెట్టండి.

7. వసూలు కూడా పనే

బిల్లు మీద పాన్ నంబరు, బ్యాంకు వివరాలు, పని పేరు, తేదీ ఉండాలి. కంపెనీలు వృత్తి ఫీజు మీద మామూలుగా 10 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసి లెక్క తేల్చుకోవాల్సినది. మన రెండు రాష్ట్రాల్లోనూ సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, రుసుము లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకి బాకీ పడ్డవాళ్లు, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. గడువే రాసుకోకపోతే 15 రోజులు. దాటితే చక్రవడ్డీ. చిన్న పార్టీలతో ఈ చట్టం ఎత్తితే స్నేహం చెడుతుంది నిజమే. పెద్ద సంస్థ అకౌంట్స్ సెక్షన్‌కి రాసే ఉత్తరంలో మాత్రం ఆ రెండు వాక్యాలు బాగా పనిచేస్తాయి.

8. పంచాంగం చూసుకుని బతకండి

శుభలేఖల మీద బతికేవాడికి ఆషాఢం ఎండాకాలం. మూఢం వస్తే ముహూర్తాలుండవు, కార్డులుండవు. దీపావళి ప్రత్యేక సంచికల పని ఎండలు తగ్గగానే వస్తుంది. ఎన్నికలొస్తే పోస్టర్లు, ఫ్లెక్సీలు, రాత్రిళ్లు నిద్రుండదు, డబ్బు మాత్రం ఫలితాలు రాకముందే పుచ్చుకోవాలి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి కొత్త పుస్తకం తేవాలనుకునేవాళ్లు డిసెంబరులో అట్ట కోసం పరుగెత్తుకొస్తారు. అమెరికాలో తానా మహాసభలు రెండేళ్లకోసారి, ఎక్కువగా జూలై మొదట్లో. వాళ్ల సావనీరు పనికి అవతలివైపు సంపాదకులు మన అర్ధరాత్రి మాట్లాడతారు. అదీ రేటులో కలపండి.

ఒకే తీరు పని మీద ఆధారపడితే ఏమవుతుందో మా తరం చూసింది. చందమామ ఆగిపోయింది. ఎన్నో వారపత్రికలు మూతపడ్డాయి. కథకి బొమ్మ అనే పనే సగానికి సగం పోయింది. పాఠ్యపుస్తకాల వైపు, పిల్లల పుస్తకాల వైపు ముందే ఒక కాలు పెట్టుకున్నవాళ్లు నిలబడ్డారు. పిల్లల పుస్తకాల్లో డబ్బు తక్కువ కానీ పేరు అట్ట మీద, రచయిత పేరు పక్కనే వస్తుంది. ఆ పేరు చూసే తర్వాతి పని వస్తుంది.

9. కృత్రిమ మేధ తెచ్చిన బొమ్మ చూపించే పార్టీ వస్తే

కోప్పడకండి. ఆ బొమ్మలో ఏం నచ్చిందో అడిగి తెలుసుకోండి, అది స్కెచ్ దశని తగ్గిస్తుంది. తర్వాత నెమ్మదిగా అందులోని ఇల్లు ఏ జిల్లాదో, ఆ చీరకట్టు ఎవరిదో, బోర్డు మీద తెలుగు అక్షరాలు ఎందుకలా వంకర్లు పోయాయో వేలుపెట్టి చూపించండి. ఆ సరిదిద్దే పనికి మొత్తం బొమ్మ రేటే చెప్పండి. ఎందుకంటే చివరికి మొత్తం మీరే వేస్తారు.

10. ఒరిజినల్స్, అసిస్టెంట్లు

అచ్చయ్యాక ఒరిజినల్ వెనక్కి ఇవ్వాలని ఒప్పందంలో రాయండి. మా రోజుల్లో ప్రెస్సుకి వెళ్లిన బొమ్మ బీరువాల్లో చెద పట్టేది, లేదా ఎవరింటి గోడకో ఎక్కేది. గీతల బొమ్మని 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి, రెండు వేర్వేరు చోట్ల దాచుకోండి.

పని పెరిగితే రంగులు నింపడానికి ఒక కుర్రాణ్నో అమ్మాయినో పెట్టుకుంటారు. నేర్పిస్తున్నాం కదా అని డబ్బు ఎగ్గొట్టకండి. పార్టీ మీకు ఎప్పుడిస్తే అప్పుడు ఇస్తానని కూడా అనకండి, ఆ బాకీ మీది. పుస్తకంలో రంగులు ఎవరివో వేయాలి. ఆ పేరు ఏ పేజీలో, ఎంత సైజులో రావాలో పబ్లిషర్‌తో మీరు రాసుకునే ఆ అర పేజీలోనే ముందుగా రాయించండి.