పశువైద్యుడు ఎవరి పక్షం?

ఏనుగుల వైద్యానికి పాలకాప్యుడు, అశ్వవైద్యానికి శాలిహోత్రుడు ఆద్యులని మన సంప్రదాయం చెబుతుంది. వారు చికిత్స చేసిన గజాశ్వాలు రాజుల సొత్తు. సొత్తును కాపాడడం, ప్రాణిని కాపాడడం ఒకటేనా? నేటి పశువైద్యుని ముందున్న చిక్కు కూడా ఇదే.

అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 1978 నుండి పశువైద్య విద్యార్థులకు నీతిశాస్త్రం బోధించిన బెర్నార్డ్ రోలిన్ ఈ చిక్కును సూటిగా ముందుంచారు. ఆయన తత్త్వవేత్త, వైద్యుడు కారు. పశువైద్యుడు బండి బాగుచేసే మెకానిక్ వంటివాడా, పిల్లల వైద్యుని వంటివాడా అని ఆయన ప్రశ్న. మరమ్మతుకు ఖర్చెక్కువ, బండిని తుక్కు కింద అమ్మేస్తానని యజమాని అంటే మెకానిక్‌కు అభ్యంతరం ఉండదు. బిడ్డ విషయంలో తల్లిదండ్రులు అటువంటి మాట అంటే వైద్యుడు ఊరుకోడు. ఆ కాలంలో పశువులకిచ్చే మత్తుమందును నొప్పి తెలియకుండా చేసే ఔషధంగా కాక, కదలకుండా నిలిపే రసాయనిక బంధంగా వ్యవహరించేవారని రోలిన్ ఎత్తిచూపారు. దెబ్బతిన్న ఎద్దు మూలుగు విన్న రైతుకు ఈ మాట వింతగా తోచక మానదు.

1983లో టామ్ రీగన్ అనే తత్త్వవేత్త మరింత ముందుకు వెళ్లి, జంతువు మానవుని అవసరాలకు సాధనమే కారాదన్నారు. ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించడం పశువైద్యులకు సులభం కాదు. పాడి, కోళ్ల పరిశ్రమలే వారిలో అనేకులకు జీవనాధారం. అందువల్ల అమెరికా పశువైద్య సంఘం వంటివి హక్కుల కంటె సంక్షేమం అనే మాటనే ఎంచుకున్నాయి.

మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనూ ఈ సందిగ్ధం ఉంది. కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముక్కుతాడు వేయడం నిర్దేశించిన పద్ధతిలో జరిగితే ఆ చట్టం దృష్టిలో నేరం కావు. అయితే అదే చట్టం మరొకచోట వైద్యునికి గొప్ప బాధ్యతను అప్పగించింది.

ఒక పాడిగేదె లారీ కింద పడి నడుము విరిగిందనుకుందాం. అది బతకదు, రైతు దాని ప్రాణం తీయడానికి ఒప్పుకోడు. అప్పుడు పోలీసు అధికారి ఆ ప్రాంతపు పశువైద్యుని పిలిపించవచ్చు. దానిని బతికించి ఉంచడమే క్రూరత్వమని వైద్యుడు ధ్రువీకరిస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో దాని బాధకు ముగింపు పలుకవచ్చు. ఆ సంతకం చేసే క్షణంలో వైద్యుడు గేదె పక్షాన నిలుస్తాడు. మరునాడు అదే రైతు రెండవ గేదెను చూడి పరీక్షకు ఆయన వద్దకే తోలుకొని రావాలి.