రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేదెవరు?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక కీమో వల్ల ఉపయోగం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు డాక్టర్లు. మాది అద్దె ఇల్లు. రాత్రిళ్లు నడుము నొప్పితో ఆయన మూలుగుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఆఖరి దశ రోగులను చూసుకునే హాస్పిస్‌లు రెండు చూసొచ్చాడు. ఒకటి హోటల్లా ఉందట. ఏసీ గది, రోజుకింతని ముందే కట్టాలి. రెండోది ట్రస్టు వాళ్లది, ఉచితం, హాల్లో వరసగా మంచాలు. ఊరికే చూసేచోట సరిగ్గా చూస్తారా అని అమ్మ భయం. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?
– ఒక కూతురు, నల్గొండ

జవాబు: గది సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు మీ తమ్ముణ్ని ఇంకోసారి పంపండి. ఈసారి పగలు పదకొండింటికి కాదు, రాత్రి ఎనిమిది దాటాక, చెప్పకుండా వెళ్లమనండి. పగలు పదకొండింటికి ఏ చోటైనా బాగానే ఉంటుంది. డాక్టరుగారు ఉంటారు, మేనేజరు నవ్వుతూ ఎదురొస్తాడు, నేల అప్పుడే తుడిచి ఉంటుంది. ఎంతమంది రోగులకు ఒక నర్సు ఉందో, ఎవరైనా పిలిస్తే ఎంతసేపటికి లేచి వస్తున్నారో రాత్రి పూటే బయటపడుతుంది. లోపలికి రానివ్వకపోయినా, గేటు దగ్గర ఎవరు ఏం సమాధానం చెప్పారన్నదీ ఒక సమాచారమే.

అడగాల్సిన మొదటి ప్రశ్న: మార్ఫిన్ మాత్రలు మీ దగ్గర స్టాకు ఉన్నాయా? ‘అవసరమైతే తెప్పిస్తాం’ అన్నారంటే లేనట్టే లెక్క. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పి చాలామందిలో మామూలు మాత్రలకు లొంగదు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ ఉంచుకోవడానికి రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చేది, ఆ తలనొప్పి ఎందుకని చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన వైద్యసంస్థ అయితే పని సులువైంది. అందుకని ‘మీకు ఆ గుర్తింపు ఉందా’ అని సూటిగా అడగండి. అడగడం తప్పు కాదు.

రెండో ప్రశ్న దానికి తోక లాంటిది. రాత్రి రెండింటికి నాన్నగారికి నొప్పి లేస్తే, డాక్టరు ఇంట్లో నిద్రపోతుంటే, డ్యూటీ నర్సు తనంతట తాను అదనపు మోతాదు ఇవ్వగలదా? ఎంత ఇవ్వాలో డాక్టరు ముందే కాగితం మీద రాసిపెట్టి ఉంటే ఇవ్వగలదు. రాసి లేకపోతే తెల్లారేదాకా ఓర్చుకోమంటుంది. మీరు ఇంట్లో పడుతున్న బాధే అక్కడ డబ్బు కట్టి పడతారన్నమాట. మూడోది చాలా చిన్న ప్రశ్న, కానీ నాకిష్టమైనది. మార్ఫిన్‌తో పాటు విరేచనానికి మందు ఇస్తారా? మార్ఫిన్ వాడే దాదాపు ప్రతివాళ్లకీ మలబద్ధకం వస్తుంది. ఈ మాట అడగ్గానే నర్సు ‘మొదటి రోజు నుంచే ఇస్తామండీ’ అన్నదంటే అక్కడ పని తెలిసినవాళ్లున్నట్టు. బిక్కమొహం వేస్తే మీకే అర్థమవుతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మను చేర్చిన చోటికి చూడ్డానికి వెళ్లాను. ముందు హాల్లో చేపల తొట్టె, గోడకు పెద్ద గణపతి బొమ్మ, సోఫాలు. మంచం చివర చార్టు వేలాడుతోంది. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా వేసే గడి అది. వరసగా అన్ని పూటలా ‘2’. ఒకే చేతిరాత, ఒకే సిరా. బాగానే ఉందనుకుంటూ కిందికి చూస్తే మర్నాటి తేదీ గడిలోనూ ‘2’ వేసి ఉంది. మా పెద్దమ్మ మాత్రం దుప్పటి కొసను పళ్లతో పట్టుకుని పడుకుంది. అప్పట్నుంచీ ఎక్కడికి వెళ్లినా నేను చేపల తొట్టెను చూడను, చార్టు చూస్తాను. నిజంగా అడిగి రాసిన చార్టులో అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పొద్దున ఏడు, మందు పడ్డాక మూడు, రాత్రి మళ్లీ ఆరు.

ఇక కళ్లతో చూడాల్సినవి. తలుపు దగ్గరి మంచంలో ఉన్నాయన పెదవులు చూడమనండి. ఎండి పగిలి, నాలుక తెల్లగా పూత పట్టి ఉంటే నోరు తుడిచే మనిషి లేనట్టే. కదలలేని వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నారా, మడమల కింద దిండు ఉందా చూడాలి. క్యాన్సర్ పుండ్లకు వాసన ఉంటుంది, అది వాళ్ల తప్పు కాదు. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది, ఖరీదైన మందు కూడా కాదు. పుండు వాసనకు పొడి వేయకుండా గదంతా ఫినాయిల్ కొట్టే చోటు నాకు నచ్చదు.

అమ్మగారి భయం గురించి. ఉచితమంటే చిన్నచూపు చూస్తారని అనుకోనక్కర్లేదు. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ రోటరీ ట్రస్టు నడిపేది, రోగి దగ్గర పైసా తీసుకోదు. లకడీకాపూల్ దగ్గర ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి సొంత పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగముంది. అంత దూరం వెళ్లకముందే నల్గొండ జిల్లా ఆసుపత్రిలో అడిగి చూడండి. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో జిల్లాల్లో ఈ సేవ మొదలుపెట్టారు, ఇంటికి బండి వేసుకుని వచ్చి చూసే ఏర్పాటు కూడా అందులో భాగం. నొప్పి అదుపులోకి వస్తే ఇంటికి తెచ్చుకోవచ్చు కూడా. అందుకే హాస్పిస్ వాళ్లను ఇంకో మాట అడగమంటాను: ‘మీ దగ్గర చేరి, కుదుటపడి, ఇంటికి వెళ్లినవాళ్లున్నారా?’ మంచి చోట తప్పకుండా ఉంటారు. నొప్పి తగ్గాక వెళ్లి నాలుగు రోజులు మనవలతో గడిపి, మళ్లీ అవసరమైనప్పుడు వస్తారు.

డబ్బు కట్టే చోటయితే, పరిస్థితి విషమిస్తే ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. కొన్ని చోట్ల ఊపిరి కాస్త బరువవగానే పక్కనున్న తమ ఆసుపత్రి ఐసీయూకి తోసేస్తారు. అది వద్దనుకునే కదా మీరు బయల్దేరింది. నాన్నగారు మాట్లాడగలిగిన స్థితిలో ఉంటే, వెంటిలేటర్ లాంటివి వద్దన్న తన కోరికను ఆయనే రాసిపెట్టవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది. 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు.

అద్దె ఇల్లన్నారు. రాయకపోయినా అందులోని భయం నాకు అర్థమైంది. ఆ ఇంట్లో పోతే ఓనరు ఏమంటాడోనన్నదే కదా. ఈ ఒక్క కారణంతో హాస్పిస్‌కి వచ్చేవాళ్లు తక్కువేం కాదు, మీరేం సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే ఆఖరి గంటలో మీ అందరినీ మంచం పక్కన ఉండనిస్తారా, తులసి తీర్థం పోయనిస్తారా, మరణ ధ్రువీకరణ కాగితం, ఊరికి తీసుకెళ్లే బండి వాళ్లే చూస్తారా అన్నవి ఇప్పుడే అడిగేయండి. ఆ రోజు అడిగే ఓపిక మీకెవరికీ ఉండదు.

ప్రశ్న: మా అమ్మకు 79 ఏళ్లు, గుండె బలహీనపడింది. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద ఇంట్లోనే హాస్పిస్ పెట్టించాం. నర్సు వారానికి రెండుసార్లు వస్తుంది. పోయిన ఆదివారం రాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైతే వాళ్ల నంబరుకు చేశాం. ‘కాల్ బ్యాక్ చేస్తాం’ అన్నారు. మూడు గంటలు చూసి, భయపడి అంబులెన్స్ కోసం 911కి చేశాం. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లి సూదులు గుచ్చారు. వేరే హాస్పిస్‌కి మారవచ్చా? మధ్యలో మారితే మెడికేర్ పోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక కొడుకు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మారవచ్చు బాబూ, మెడికేర్ ఎక్కడికీ పోదు. మొదట 90 రోజుల చొప్పున రెండు విడతలు, తర్వాత 60 రోజుల చొప్పున ఎన్ని విడతలైనా హాస్పిస్ సేవ ఇస్తారు. ఒక్కో విడతలో ఒకసారి సంస్థను మార్చుకునే హక్కు అమ్మకుంది. ఒక్క జాగ్రత్త. ‘హాస్పిస్ వద్దు’ అని రద్దు కాగితం మీద సంతకం పెట్టకండి, బదిలీ కాగితమే అడగండి. రద్దు చేస్తే ఆ విడతలో మిగిలిన రోజులు పోతాయి.

మీ ఫిర్యాదు న్యాయమైనదే. 24 గంటలూ నర్సింగ్ సేవ అందించాల్సిన బాధ్యత మెడికేర్ నిబంధనల ప్రకారం హాస్పిస్‌దే. మూడు గంటల మౌనానికి ఏ సాకూ చెల్లదు. అమెరికాలో ఇప్పుడు హాస్పిస్‌లలో ఎక్కువ భాగం లాభం కోసం నడిచేవే. లాభం కోసమైనా బాగా చూసేవాళ్లు లేకపోలేదు, కానీ మీ రాష్ట్రం సంగతి తెలుసుకోండి. పుట్టగొడుగుల్లా లేస్తున్న కొత్త హాస్పిస్‌ల మీద 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నిఘా పెట్టిన నాలుగు రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి. మిగతావి కాలిఫోర్నియా, అరిజోనా, నెవాడా.

కొత్తదాన్ని ఎంచుకునే ముందు మెడికేర్ వాళ్ల కేర్ కంపేర్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. రేటింగ్ నక్షత్రాలు అక్కడ ఉంటాయి గానీ నేను వాటికంటే ఇంకో వరస చూడమంటాను. చివరి మూడు రోజుల్లో కనీసం రెండు రోజులు నర్సో సోషల్ వర్కరో ఇంటికి వెళ్లిన రోగులు నూటికి ఎంతమంది అన్న అంకె అది. మరీ కొత్త సంస్థకు అంకెలే ఉండకపోవచ్చు, అదీ గమనించండి. ఫోన్ చేసినప్పుడు ‘కంటిన్యువస్ హోమ్ కేర్ ఈమధ్య ఎంతమందికి ఇచ్చారు’ అని అడగండి. బాధ అదుపు తప్పినప్పుడు రోజుకు కనీసం ఎనిమిది గంటలు మనిషి ఇంట్లోనే ఉండి చూసే సేవ అది. కాగితం మీద అందరూ ఇస్తామంటారు. ఎవరికైనా ఇచ్చారా అన్నదే అసలు ప్రశ్న. మొదటి రోజే ఇంట్లో పెట్టి వెళ్లే మందుల డబ్బా, కంఫర్ట్ కిట్, ఉందో లేదో, అందులో ఆయాసానికి ఏది ఎంత వేయాలో మీకు చేసి చూపించారో లేదో కూడా చూసుకోండి. ఆదివారం రాత్రి మీ చేతిలో ఉండాల్సింది అదే.

ఇంకోటి ఎవరూ చెప్పరు. నర్సు ‘పెయిన్?’ అని అడుగుతుంది, అమ్మ ‘నో’ అంటుంది, ఆవిడ గడిలో సున్నా వేసుకుని వెళ్లిపోతుంది. అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆవిడకున్నది నొప్పి కాదు, ఎగపోత. గుండెల మీద బరువు, ఒక్కోసారి గుబులు. మన భాషలో పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు, లాగుడు వేరు. డాక్టరుకు కూడా ఇవి వేరువేరే. మంట, తిమ్మిరి అంటే నరాల బాధ కావచ్చు, దాని మందులే వేరు. తెలుగు దుబాసీని ఫోన్లోనైనా ఏర్పాటు చేయమని అడగండి. అది కుదిరేలోగా అమ్మ వాడే మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

ప్రశ్న: మార్ఫిన్ మొదలుపెడితే మనిషి తొందరగా పోతారని, అలవాటు పడిపోతారని మా మామగారి బంధువులంతా అంటున్నారు. నిజమేనా?
– ఒక కోడలు, కాకినాడ

జవాబు: నిజం కాదమ్మా. తక్కువతో మొదలుపెట్టి, గడియారం ప్రకారం ఇస్తూ, నొప్పిని బట్టి పెంచుకుంటూ పోతే మార్ఫిన్ మనిషిని తీసుకుపోదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు, అంతకుముందు నిద్రే లేదు కదా. నొప్పికి వాడే మందుకు ఒళ్లు అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. మూత్రపిండాలు బాగాలేకపోతే మాత్రం మోతాదు జాగ్రత్తగా చూసుకోవాలి, ఆ రిపోర్టు డాక్టరుకు చూపించండి. బంధువుల్లో మరీ గట్టిగా వాదించేవారిని ఒక రాత్రి మామగారి పక్కన పడుకోమనండి.

ప్రశ్న: అమ్మను హాస్పిస్‌లో చేర్చాం. జబ్బు సంగతి అమ్మకు చెప్పలేదు. ‘బలానికి మందులిస్తున్నారు’ అన్నాం. అక్కడి డాక్టరమ్మ ‘ఆవిడ అడిగితే నేను అబద్ధం చెప్పను’ అన్నారు. మా అన్నయ్యకు కోపం వచ్చి వేరేచోటికి మార్చేద్దామంటున్నాడు. ఇది మంచి హాస్పిస్సా, కాదా?
– ఒక చెల్లెలు, అనంతపురం

జవాబు: మంచిదే. మార్చకండి. ఆ డాక్టరమ్మ అన్నది మళ్లీ చదవండి, ‘అడిగితే’ అంది. వెళ్లి మీద పడి చెబుతానని అనలేదు. ఈ పని తెలిసినవాళ్లు స్టూలు లాక్కుని కూర్చుని ముందు ఒకటే అడుగుతారు: ‘మీకు ఏమైందని చెప్పారమ్మా వీళ్లు?’ అడిగి ఊరుకుంటారు. ఎక్కువసార్లు ఆ నిశ్శబ్దంలో రోగే చెప్పేస్తారు, పిల్లలు బాధపడతారని తామూ తెలియనట్టు ఉంటున్నామని. ఇంట్లో ఎవరి నాటకం వాళ్లది నడుస్తుంటుంది. మీరేం చెప్పమంటే అది చెప్తాం అనే చోటైతే నేను అనుమానించేదాన్ని. అలాంటివాళ్లు రేపు అమ్మ పరిస్థితి గురించి మీకూ అలాగే చెప్తారు.

అన్నయ్యతో పోట్లాడకండి. ఆయన కోపం డాక్టరమ్మ మీద కాదు. ఆవిణ్ణి ఆయనతో విడిగా ఒక అరగంట కూర్చోమని మీరే అడగండి, మంచి హాస్పిస్‌లో ఇంట్లోవాళ్లతో మాట్లాడటమూ వాళ్ల పనే. ఆ తర్వాత అమ్మ తనంతట తాను బ్యాంకు పుస్తకం ఎక్కడుందో, గాజులు ఎవరికి ఇవ్వాలో చెప్పడం మొదలుపెడితే, ‘ఇప్పుడవన్నీ ఎందుకమ్మా’ అని మాట మార్చొద్దని మాత్రం అన్నయ్యకు చెప్పండి.