ఇల్లు మారేవేళ దేవతార్చన

గృహస్థునికి ఇల్లు మారడం నేడు తప్పని పని. ఉద్యోగపు బదిలీల వలన నేనూ 5 పర్యాయాలు ఇల్లు మారాను. సామాను కట్టే తొందరలో చివరకు మిగిలిపోయేది పూజామందిరమే. సన్నాహం అక్కడినుండే ఆరంభించాలని నా అభిప్రాయం.

సొంత ఇంటి గృహప్రవేశానికి ఆషాఢ, భాద్రపద, పుష్య మాసాలను మనవారు సాధారణంగా విడిచిపెడతారు. కనుక పురోహితుని చేత ముహూర్తం పెట్టించుకొన్న తరువాతనే లారీని కుదుర్చుకోవాలి. అద్దె ఇంటికైతే మంచి తిథి చూసి పాలు పొంగించడం వాడుక.

బయలుదేరే ఉదయం నిత్యపూజ ముగించి, విగ్రహాలను శుభ్రమైన వస్త్రంలో చుట్టి, మన వెంటనే తీసుకువెళ్ళాలి, లారీకెక్కించరాదు. కుందులు, వత్తులు, నూనె, అగ్గిపెట్టె, గంట, పాలగిన్నె ఒకే సంచిలో చేతికందేలా ఉండాలి. అప్పుడు కొత్త ఇంట పెట్టెలేవీ విప్పకపోయినా గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం అనే పంచోపచారాలు జరుగుతాయి. అర్చనకు లోపం రాదు.

అసలు చిక్కు పాత పటాల దగ్గర వస్తుంది. చోటు చాలదని వాటిని ఏ చెట్టుమొదటనో వదిలివేయడం భక్తి కాదు. మా తల్లిగారి మందిరంలో 20కి పైగా పటాలుండేవి. ఏవి ఉంచాలో ఆమెనే నిర్ణయించమన్నాము. 7 పటాలు ఉంచుకొని, తక్కినవి పూజించుకొంటామన్న బంధువులకు ఆమె స్వయంగా ఇచ్చారు. అడగకుండా తీసివేస్తే ఆమెకు ఆ కొత్త ఇల్లు పరాయి ఇల్లే అయ్యేది.

కావున ఇల్లు మారదలచిన భక్తులు ముందుగా ఇంటి పెద్దలతో కూర్చొని దేవుని చోటు నిర్ణయించుకొందురు గాక.