ఏ గీత దేనిది? పైథాన్ గ్రాఫులో లెజెండ్



పన్నెండో తరగతిలో ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ తీసుకున్న సీబీఎస్ఈ విద్యార్థులు పైథాన్‌లో గ్రాఫులు గీయడం నేర్చుకుంటారు. అందుకు వాడేది మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ. జాన్ హంటర్ అనే అమెరికన్ పరిశోధకుడు మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెరపై చూసుకోవడానికి దీన్ని మొదలుపెట్టారు. 2003లో ఇది అందరికీ అందుబాటులోకి వచ్చింది.

గ్రాఫుకు శీర్షిక, లేబుళ్లతో పాటు లెజెండ్ పెట్టడం కూడా సిలబస్‌లో ఉంది. లెజెండ్ అంటే నీలం గీత దేనిదో, నారింజ గీత దేనిదో చెప్పే చిన్న పెట్టె. పిల్లలు దీన్ని చివర్లో చేర్చే అలంకారం అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి గ్రాఫు చెప్పేది నిజమో అబద్ధమో తేల్చేది ఇదే.

ఒక ఉదాహరణ చూడండి. మీ అమ్మాయి ఇంటి కరెంటు బిల్లుల్లోని యూనిట్లతో గ్రాఫు గీసిందనుకుందాం. ఒక గీత పోయిన ఏడాదిది, ఇంకొకటి ఈ ఏడాదిది. రెండు గీతలూ గీశాక, చివర లెజెండ్ కమాండ్‌లో రెండు పేర్లూ వరుసగా రాసింది. లైబ్రరీ ఆ పేర్లను గీతలు గీసిన వరుసలోనే తగిలిస్తుంది. తర్వాత ఎప్పుడో ఆమె ప్రోగ్రాములో గీతల వరుస మార్చి, పేర్ల వరుస మార్చడం మరిచిపోతే? ఎర్రర్ రాదు. గ్రాఫు ముచ్చటగానే కనిపిస్తుంది. కానీ పెరిగిన వాడకం తగ్గినట్టు చూపిస్తుంది.

దీనికి మందు సులువే. ప్రతి గీతనూ గీసే ప్లాట్ కమాండ్‌లోనే, లేబుల్ అనే చోట దాని పేరు రాయాలి. చివర లెజెండ్ కమాండ్‌ను పేర్లేమీ ఇవ్వకుండా పిలవాలి. అప్పుడు వరుస మారినా పేరు తన గీతతోనే వెళుతుంది.

ఇంకో మూడు జాగ్రత్తలు:

1. లెజెండ్ కమాండ్ గీతలన్నీ గీశాక, షో కమాండ్‌కు ముందు రావాలి. ఆ తర్వాత గీసిన గీత పేరు పెట్టెలోకి చేరదు.

2. చోటు చెప్పకపోతే, గీతలకు తక్కువ అడ్డొచ్చే చోటును లైబ్రరీయే వెతుక్కుంటుంది. అయినా గీత మీద పడితే పై ఎడమ, కింది కుడి వంటి చోటును మనమే చెప్పాలి.

3. ప్రాజెక్టు ఫైలును నలుపు తెలుపులో ప్రింటు తీయిస్తే నీలం, నారింజ రెండూ బూడిద రంగులోకి మారిపోతాయి. అందుకే ఒక గీతను నిండుగా, ఇంకోదాన్ని చుక్కల గీతగా గీయమనండి. రంగులు వేరుగా గుర్తించలేని వారికీ అది మేలు.

ఈ ఆదివారం ఇంట్లో ఇలా చేసి చూడండి. రెండేళ్ల కరెంటు బిల్లులు తీసి ఇచ్చి గ్రాఫు గీయమనండి. తర్వాత ఏదో ఒక నెల బిల్లు చేతిలో పట్టుకుని, "ఈ అంకె ఏ గీత మీద ఉంది?" అని అడగండి. బిల్లు, గీత, లెజెండ్ మూడూ ఒకే మాట చెబితే గ్రాఫు సరైనదే. ఆ ప్రశ్న అడగడానికి మీకు పైథాన్ రావాల్సిన పనిలేదు.