గొంతు నొప్పి గుండె దాకా

పిల్లలూ! మన మాటల్లో గుండె ఎన్నిసార్లు వస్తుందో ఎప్పుడైనా గమనించారా? భయం వేస్తే గుండె గుభేలుమంటుంది. దుఃఖం ముంచుకొస్తే గుండె చెరువవుతుంది. బాధను దిగమింగినవాణ్ణి గుండె రాయి చేసుకున్నాడంటాం. నిజానికి భయమూ దుఃఖమూ పుట్టేది మెదడులో. గుండెకు తెలిసిన పని ఒక్కటే, రక్తాన్ని తోడి ఒళ్ళంతా పంపడం. ఆ ఒక్క పనినీ రాత్రనక పగలనక చేస్తుంది కాబట్టే మనం బతికి ఉన్నాం.

మా బూర్గంపాడు బడిలో గుండె పాఠం చెప్పినప్పుడల్లా ప్రశ్నలు వానజల్లులా కురుస్తాయి. గుండె వైద్యుల దగ్గరికి వెళ్ళే రోగులు అడిగేవి కూడా చాలావరకు ఇవే ప్రశ్నలు. వాటిలో ముఖ్యమైనవి ఏరి, వైద్యశాస్త్రం చెప్పే జవాబులను మీ ముందుంచుతున్నాను. వీటిలో ఒక జవాబు మీ వయసు పిల్లల ప్రాణాలకు సంబంధించినది. జాగ్రత్తగా చదవండి.

ప్రశ్న: గుండె 'లబ్-డబ్' అని ఎందుకు కొట్టుకుంటుంది?

జవాబు: మా ఊరు గోదావరి ఒడ్డున, కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసేచోట ఉంది. ఏటి నీటిని మోటారుతో తోడి చేలకు పెట్టే రైతును అడగండి, "ఫుట్‌వాల్వు బాగుంటేనే నీళ్ళు" అంటాడు. పైపు అడుగున ఉండే ఆ మూత నీటిని పైకి వెళ్ళనిస్తుంది, వెనక్కు జారనివ్వదు. అది పాడైతే మోటారు ఎంత తిరిగినా చేను తడవదు.

మీ గుప్పిటంత ఉండే మీ గుండెలోనూ అటువంటి మూతలు నాలుగున్నాయి. వాటిని కవాటాలంటారు. గుండెలో పై గదులు రెండు, కింది గదులు రెండు. పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. కర్ణికలకూ జఠరికలకూ మధ్య రెండు కవాటాలు, జఠరికల నుంచి రక్తం బయటికి పోయే దారుల్లో రెండు కవాటాలు. మొదటి జత మూసుకున్నప్పుడు 'లబ్', రెండో జత మూసుకున్నప్పుడు 'డబ్'. అంటే మనం వినేది తలుపులు మూసుకునే చప్పుడన్నమాట!

ఇప్పుడొక లెక్క చేద్దాం. పెద్దవారి గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది. గంటకు 60 నిమిషాలు, రోజుకు 24 గంటలు. గుణిస్తే రోజుకు 1,03,680 సార్లు! నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది. రోజుకు 7,200 లీటర్లు. 15 లీటర్ల బకెట్లతో కొలిస్తే 480 బకెట్లు. ఇంట్లో ఎవరైనా ఒక్కరోజు 480 బకెట్ల నీళ్ళు తోడితే మర్నాడు మంచం దిగలేరు. గుండెకు అటువంటి సెలవు లేదు.

ప్రశ్న: ఛాతీలో నొప్పి వస్తే గుండెపోటేనా? పిల్లలకూ గుండెపోటు వస్తుందా?

జవాబు: గుండె కూడా ఒక కండరమే. దానికీ ఆహారమూ ప్రాణవాయువూ కావాలి. వాటిని తెచ్చే రక్తనాళాల గోడల్లో కొన్నేళ్ళపాటు కొవ్వు పేరుకుని, ఒకనాడు రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది. పొగతాగడం, రక్తపోటు, మధుమేహం దాన్ని తొందరగా తెచ్చిపెడతాయి. అందువల్ల ఇది ముఖ్యంగా పెద్దల జబ్బు. పిల్లల్లో చాలా అరుదు. పరుగెత్తినప్పుడు పక్కన పట్టేసినా, దగ్గి దగ్గి రొమ్ము నొప్పెట్టినా హడలిపోనక్కరలేదు.

కాని ఇంట్లో పెద్దలకు రొమ్ము మీద బండ పెట్టినట్టు బరువుగా ఉండి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే "వాయువు పట్టింది, వాము నీళ్ళు తాగితే పోతుంది" అని కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. ఆ పని మీరు కూడా చెయ్యగలరు.

మూసుకుపోయిన నాళాన్ని తెరిచి, మళ్ళీ మూసుకోకుండా లోపల సన్నని లోహపు జల్లెడగొట్టం అమర్చుతారు. దాని పేరు స్టెంటు. విదేశీ స్టెంట్లు పేదలకు అందని ధరలో ఉన్న 1990లలో, క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, హైదరాబాదు గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటును రూపొందించారు. దాన్ని కలాం-రాజు స్టెంటు అన్నారు.

ప్రశ్న: మరి పిల్లలకు వచ్చే గుండెజబ్బులేవి?

జవాబు: ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పుట్టుకతో వచ్చేది. తల్లి కడుపులో గుండె తయారయ్యేటప్పుడు గదుల మధ్య గోడ పూర్తికాక చిన్న కన్నం మిగిలిపోవచ్చు. చిన్న కన్నాలు కొన్ని వాటంతటవే పూడుకుపోతాయి. పెద్దవాటిని వైద్యులు మూస్తారు. పాలు తాగుతూ తాగుతూ చంటిబిడ్డ ఆయాసపడి ఆగిపోయినా, నుదుట చెమట పట్టినా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చెయ్యకూడదు. ఇది ఎవరి పాపమూ కాదు, గ్రహణం చూసినందువల్ల వచ్చేదీ కాదు.

రెండోది కీళ్ళవాత జ్వరం వల్ల వచ్చేది. దీన్నే రుమాటిక్ గుండెజబ్బు అంటారు. నేను జాగ్రత్తగా చదవమన్నది దీని గురించే. ఎందుకంటే పుట్టినప్పుడు నిక్షేపంగా ఉన్న గుండెను ఇది బడికి వెళ్ళే వయసులో పాడుచేస్తుంది. ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలను పట్టుకుంటుంది. దీన్ని చాలావరకు రాకుండా ఆపవచ్చు. అంతే కాదు, దీని కథ మొదలయ్యేది గుండెలో కాదు, గొంతులో!

ప్రశ్న: గొంతుకూ గుండెకూ ఏమిటి సంబంధం?

జవాబు: స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే పూసలదండలా కనిపిస్తుంది. అందులో ఒక జాతి గొంతులో చేరి నొప్పి, జ్వరం తెస్తుంది. మన శరీరం ఊరుకుంటుందా? దానితో పోరాడడానికి ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. చిక్కు వచ్చేది ఇక్కడే. ఈ బాక్టీరియా పైపొరలోని కొన్ని పదార్థాలు మన గుండెలోని పదార్థాలను పోలి ఉంటాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. చేలో కాపలా కుక్క గొంగడి కప్పుకున్న దొంగను తరిమింది. మర్నాడు రాత్రి చలికి అటువంటి గొంగడే కప్పుకుని చేను యజమాని వచ్చాడు. చీకట్లో కుక్క ఆయన్నే కరిచింది! కుక్క విశ్వాసంలో లోపం లేదు, పోల్చుకోవడంలో వచ్చింది పొరపాటు. కొందరు పిల్లల్లో ప్రతిరక్షకాలు సరిగా ఇలాగే గుండె కవాటాలనూ కీళ్ళనూ శత్రువులనుకుని దాడి చేస్తాయి. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఇది బయటపడుతుంది. అప్పటికి గొంతు నొప్పి సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు.

ప్రశ్న: గొంతు నొప్పి వచ్చిన ప్రతివారికీ గుండెజబ్బు వస్తుందా?

జవాబు: రాదు. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరసుల వల్ల వస్తాయి. ముక్కు కారడం, తుమ్ములు, దగ్గు తోడుంటే సాధారణంగా అది జలుబు. స్ట్రెప్టోకోకస్ గొంతు నొప్పి ఉన్నట్టుండి వస్తుంది. మింగడం కష్టమవుతుంది. జ్వరం వస్తుంది. గొంతు ఎర్రబడి తెల్లని చీము మచ్చలు కనిపించవచ్చు. దవడ కింద బిళ్ళ కట్టి నొక్కితే నొప్పెడుతుంది. అటువంటప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ వంటి మందు పడితే కీళ్ళవాత జ్వరం రాకుండా ఆపవచ్చు. వైద్యుడు పది రోజులు మాత్రలు వాడమంటే పది రోజులూ వాడాలి. మూడో రోజుకు నొప్పి పోయిందని మిగిలినవి గూట్లో దాచకూడదు. పెన్సిలిన్ కొందరికి పడదు కాబట్టి సొంతంగా కొని మింగనూకూడదు.

ప్రశ్న: కీళ్ళవాత జ్వరాన్ని గుర్తుపట్టేదెలా?

జవాబు: జ్వరంతో పాటు మోకాలు వాచి నొప్పెడుతుంది. రెండు రోజులకు అది తగ్గి మడమ పట్టుకుంటుంది. తర్వాత మోచెయ్యి. ఇలా నొప్పి ఒక కీలు నుంచి మరో కీలుకు వలస పోతుంది. కొందరికి ఆయాసం, గుండెదడ ఉంటాయి.

ఇంకొక లక్షణం ఉంది. దీన్ని మాలాంటి ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవాలి. కొందరు పిల్లలకు, అందులో ఆడపిల్లలకు ఎక్కువగా, చేతులూ ముఖమూ వాటంతటవే కదులుతుంటాయి. గ్లాసు జారిపోతుంది. ముత్యాల్లాంటి చేతివ్రాత కోడికాళ్ళుగా మారుతుంది. బడిలో అది అల్లరి అనుకుంటారు, ఇంట్లో గాలి సోకిందనుకుంటారు. అది అల్లరీ కాదు, గాలీ కాదు. ఆ బిడ్డకు కావలసింది బెత్తమూ తాయెత్తూ కాదు, వైద్యుడు.

ప్రశ్న: జ్వరం తగ్గి బాగానే ఉన్నా మూడు వారాలకొక ఇంజెక్షను ఎందుకు?

జవాబు: ఒకసారి కీళ్ళవాత జ్వరం వచ్చినవారికి, స్ట్రెప్టోకోకస్ మళ్ళీ గొంతులో చేరితే జ్వరం తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకొంచెం చెడుతుంది. బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షను కండలో నిలవ ఉండి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంది. సుమారు మూడు వారాలకు దాని బలం తగ్గిపోతుంది. అందుకే 21 రోజులకొకటి. దీన్ని ఏళ్ళ తరబడి వెయ్యాలి. ఎన్నేళ్ళనేది జబ్బు తీవ్రతను బట్టి, వయసును బట్టి వైద్యుడు చెబుతాడు.

ఆ సూది నొప్పెడుతుంది. నొప్పెట్టదని చెబితే మీరు నమ్మరు. దానికి తోడు పత్తి తీతల రోజుల్లో, మిరప కోతల రోజుల్లో అమ్మానాన్నలకు కూలి మానుకుని రావడం కష్టం. పిల్లవాడు గెంతుతూనే ఉన్నాడు కదా అని ఒక నెల మానేస్తారు, తర్వాత పూర్తిగా మరిచిపోతారు. జబ్బు కాచుకుని కూర్చునేది ఆ మరుపు కోసమే.

ప్రశ్న: కవాటం చెడిపోతే బాగుచెయ్యవచ్చా?

జవాబు: ఎక్కువగా చెడేది ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్యనున్న ద్విపత్ర కవాటం. దాని రెక్కలు గట్టిపడి సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కు కారుతుంది. అతుక్కుపోతే దారి ఇరుకవుతుంది. రెండు విధాలా రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి ఆయాసం వస్తుంది. పడుకుంటే ఊపిరాడదు, కాళ్ళు వాస్తాయి.

ఇరుకైన కవాటాన్ని తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, దాని కొసన ఉన్న బుడగను ఉబ్బించి తెరుస్తారు. జపాన్ వైద్యుడు కంజి ఇనోవే 1980లలో ఈ పద్ధతి నేర్పాడు. బాగా పాడైతే కృత్రిమ కవాటం పెట్టాలి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన మన దేశపు కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో పేదలకు చేసే గుండె శస్త్రచికిత్సలు కూడా చేరాయి. అయినా ఒక్క మాట. లోహపు కవాటం పెట్టించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితమంతా మందు మింగాలి, తరచు రక్తపరీక్ష చేయించుకోవాలి. దేవుడిచ్చిన కవాటానికి సాటి ఇంకా తయారు కాలేదు.

ప్రశ్న: ఈ జబ్బు ఉన్న పిల్లల పక్కన కూర్చోవచ్చా? వాళ్ళు ఆడుకోవచ్చా?

జవాబు: నిశ్చింతగా కూర్చోండి. గుండెజబ్బు అంటుకోదు. అంటుకునేది స్ట్రెప్టోకోకస్ గొంతు నొప్పి. అది దగ్గు, తుమ్ము తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. ఒక గదిలో ఎక్కువమంది కిక్కిరిసి పడుకునేచోట తేలిగ్గా పాకుతుంది. మా ప్రాంతంలో వసతిగృహాల్లో ఉండి చదువుకునే పిల్లలెందరో. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకూ, 2022 జూలైలో 71.3 అడుగులకూ ఎక్కింది. అటువంటి వరదల్లో ఊళ్ళకు ఊళ్ళే శిబిరాలకు చేరి పక్కపక్కన పడుకోక తప్పదు. కాబట్టి దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోండి. ఒకరు తాగిన గ్లాసుతో ఇంకొకరు తాగకండి. కిటికీలు తెరిచి పడుకోండి. ఇక ఆటల సంగతి వైద్యుడు చెప్పినట్టు చెయ్యాలి. చాలామంది ఆడుకోవచ్చు. పిల్లకు గుండెజబ్బని చదువు మాన్పించడం మాత్రం ఏ వైద్యుడూ చెప్పని పథ్యం.

చేసి చూడండి

1816లో పారిస్ నగరంలో లెనెక్ అనే వైద్యుడు కాగితం చుట్టను రోగి రొమ్ముకు ఆనించి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టింది అలాగే. మీరూ ఒక అట్టకాగితాన్ని గొట్టంలా చుట్టి స్నేహితుడి రొమ్ముకు, కొంచెం ఎడమగా, ఆనించి వినండి. నిమిషానికి ఎన్ని 'లబ్-డబ్'లో లెక్కపెట్టండి. అతణ్ణి బడి చుట్టూ ఒకసారి పరుగెత్తించి మళ్ళీ లెక్కపెట్టండి. రెండు అంకెలకూ తేడా ఎందుకొచ్చిందో ఆలోచించండి. కవాటం చెడితే ఈ చప్పుళ్ళ మధ్య 'సుయ్' అనే శబ్దం వైద్యుడి చెవికి వినిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కొందరికి ఆ శబ్దం ఉంటుంది. తేడా తేల్చేది ఎకో పరీక్ష.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బళ్ళకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వాళ్ళు వచ్చిన రోజు బడి మానకండి. కీళ్ళ నొప్పి, ఆయాసం ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. మీ తరగతిలో మూడు వారాల ఇంజెక్షను వేయించుకునే నేస్తం ఎవరైనా ఉంటే క్యాలెండరు తీసుకోండి. ఈసారి వేసిన తేదీ నుంచి 21 రోజులు లెక్కపెట్టి, ఆ రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టండి. ముందురోజే గుర్తుచెయ్యండి. వీలైతే ఆసుపత్రి దాకా తోడు వెళ్ళండి.