మెదడునకు కొలబద్ద

తాతగారు కండ్లజోడును నొసట నుంచుకొని యిల్లెల్ల వెదకినచో మనము నవ్వుదుము. అది వయసుచేత కలుగు మరపా? లేక వ్యాధియా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఇట్టి పెద్దలు లేని యిల్లు అరుదు. ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు మెదడును కొలిచి జవాబు వెదకుచున్నారు. ఆ విధమును మన విద్యార్థులకు తెలుప తలచితిమి.

కపాలమును తెరువకయే మెదడును చూచుటకు ఎం.ఆర్.ఐ. యను యంత్రము కలదు. ఇందు ఎక్స్ కిరణములు లేవు. బలమైన అయస్కాంతమును రేడియో తరంగములును శరీరమందలి నీటిలోని హైడ్రోజన్ నుండి సంకేతములను రప్పించును. కంప్యూటరు వానిని పలుచని పొరలుగా చిత్రించును. ఒక్కొక్క పొర వైశాల్యమును దాని మందముతో గుణించి, అన్నిటిని కూడినచో మెదడు ఘనపరిమాణము తేలును. ఈ పద్ధతికి పునాది వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ గార్లకు 2003లో నోబెల్ బహుమానము లభించెను.

వయసు మీరినకొలది మెదడు కొంచెము కుంచించుకొనిపోవును. లోపలి నీటిగదులు వెడల్పగును. జ్ఞాపకమునకు తోడ్పడు హిప్పోక్యాంపస్ అను చిన్న భాగము తగ్గును. ఇది సహజము. ఆల్జైమర్ వ్యాధియందు ఈ తగ్గుదల మిక్కిలి వేగముగా నుండును. వేసవిలో చెరువు నీరు తగ్గుట వేరు. 2019 డిసెంబరు 31న మన వనపర్తి సీమలోని సరళాసాగరము కట్ట తెగి నీరు పోవుట వేరు. ఎంత తగ్గుట సహజమో తెలియవలెనన్న ఆ చెరువునకే కొలతగుర్తులుండవలెను. పొరుగు చెరువు గుర్తులు పనికిరావు.

మెదడునకును అంతియే. కెనడాలోని మాంట్రియల్ నగరమున 152 మంది చిత్రములతో చేసిన నమూనా లోకమున విరివిగా కొలబద్దయై యుండెను. 2019లో హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. వారు ఆరోగ్యవంతులైన 100 మంది భారతీయ యువతీయువకుల చిత్రములనుండి మనవారి మెదడు పటమును వెలువరించిరి. సగటున మన మెదడు పాశ్చాత్యులదానికంటె కొంత చిన్నదని తేలెను. దీనివలన తెలివి తక్కువయని తలపరాదు. అయితే పరుల కొలతతో చూచినచో ఆరోగ్యవంతుని మెదడే కుంచించినట్లు తోచి వైద్యుడు పొరపడవచ్చును. ఇది యువజనుల పటము గనుక వృద్ధులకు వారి వయసునకు తగిన పటములును కావలెను.

ఇక నొక సంతోషవార్త. 2011లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనయందు 120 మంది వృద్ధులు పాల్గొనిరి. ఏడాదిపాటు వారమునకు మూడు దినములు నడచినవారి హిప్పోక్యాంపస్ నూటికి సుమారు 2 వంతులు పెరిగెను. ఒడలు సాచు వ్యాయామము మాత్రమే చేసినవారిది తగ్గెను.

కావున బాలబాలికలారా, మరచిపోవు పెద్దలను చూచి నవ్వకుడు. సాయంకాలము చేయిపట్టుకొని వారిని నడిపింపుడు. మరపు దినదినము హెచ్చి, ఎరిగిన దారియే తెలియకున్నచో, వయసేయని యూరకుండక వైద్యునికి చూపింప తల్లిదండ్రులకు చెప్పుడు.