పైలట్ చెక్‌రైడ్‌లో ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్: బాన్సువాడ విద్యార్థులు ముందే తెలుసుకోవలసిన సంగతులు

బాన్సువాడ, బీర్కూర్ పరిసరాల్లో ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివి పైలట్ కావాలనుకునే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు మొదట ఫీజు గురించి, ఆ తర్వాత 200 గంటల గురించి ఆరా తీస్తారు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 18 ఏళ్ల వయసు, ఇంటర్ స్థాయిలో భౌతిక, గణిత శాస్త్రాలు, క్లాస్ 1 వైద్య ధ్రువపత్రం, రాత పరీక్షల్లో 70 శాతం మార్కులతోపాటు 200 గంటల ఫ్లయింగ్ కూడా కోరుతుంది కాబట్టి ఆ ఆరా సహజమే. అయితే లైసెన్సు ఉద్యోగంగా మారాలంటే దానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తోడు కావాలి. ఆ రేటింగ్ కోసం పెట్టే చెక్‌రైడ్‌లో, అంటే పరీక్షకుడు పక్కన కూర్చుని విమానం నడిపించి చూసే పరీక్షలో, అభ్యర్థి సత్తా తేలేది ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ దగ్గరే.

బయట ఏమీ కనిపించకపోయినా పరికరాల సూచనలనే నమ్ముకుని, నిర్ణీత మార్గంలో రన్‌వే వైపు దిగడాన్ని ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ అంటారు. దిశతోపాటు దిగే కోణాన్నీ చూపించే ఐఎల్ఎస్ వంటి వ్యవస్థతో చేసేది ప్రిసిషన్ అప్రోచ్ కాగా, దిశను మాత్రమే చూపించే వీవోఆర్ వంటి సాధనంతో చేసేది నాన్‌ప్రిసిషన్ అప్రోచ్. ఐఎల్ఎస్‌లో రన్‌వే మధ్యరేఖకు ఒకవైపు 90 హెర్ట్జ్, మరోవైపు 150 హెర్ట్జ్ సంకేతం బలంగా ఉంటుంది. రెండూ సమానంగా అందినప్పుడు కాక్‌పిట్‌లోని సూది మధ్యలో నిలుస్తుంది. దిగే మార్గం సాధారణంగా 3 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి, 90 నాట్ల వేగంతో వచ్చే శిక్షణ విమానం నిమిషానికి సుమారు 480 అడుగుల చొప్పున దిగాలి. రన్‌వే దగ్గరపడే కొద్దీ అదే సూది అంతకంతకూ సున్నితమవుతుంది. దూరంలో సరిపోయిన దిద్దుబాటు అక్కడ అతి అవుతుంది. చాలామంది అభ్యర్థులు తడబడేది ఇక్కడే, సూది వెంట పరుగెత్తి విమానాన్ని ఊగిసలాడించడం వల్లే.

కేటగిరీ 1 ఐఎల్ఎస్‌లో నేల నుంచి సుమారు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనిపించకపోతే వెంటనే పైకి లేచిపోవాలి. దీనిని మిస్డ్ అప్రోచ్ అంటారు. సకాలంలో, సక్రమంగా చేసిన మిస్డ్ అప్రోచ్ వైఫల్యం కాదు, పరీక్షకుడు చూడగోరే నైపుణ్యాల్లో అదొకటి. 2010 మే 22న మంగళూరులో కో-పైలట్ గో అరౌండ్ చేయమని, అంటే దిగడం మాని పైకి లేవమని, హెచ్చరించినా కుదురు తప్పిన అప్రోచ్‌ను కొనసాగించిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడగా, అందులోని 166 మందిలో 158 మంది మరణించారు. దిగడం మాని పైకి లేచే నిర్ణయం శిక్షణ దశలోనే అలవాటుగా మారాలని గట్టిగా చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

శిక్షణకు అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు లెక్క కొంత వేరు. అక్కడి ఇన్‌స్ట్రుమెంట్ చెక్‌రైడ్‌లో ఒక ప్రిసిషన్, రెండు నాన్‌ప్రిసిషన్ అప్రోచ్‌లు చేసి చూపాలి. వాటిలో ఒకటి ప్రధాన పరికరాలు పనిచేయనట్టు భావించి చేయాలి. ప్రిసిషన్ అప్రోచ్‌లో సూది మధ్య నుంచి పూర్తి స్కేలులో ముప్పాతిక వంతు దాటకూడదు. సింగిల్ ఇంజిన్ కమర్షియల్ చెక్‌రైడ్‌లో ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ ఉండదు గానీ, మల్టీ ఇంజిన్ పరీక్షలో ఒక ఇంజిన్ ఆగిపోయినట్టుగా భావించి ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ చేయకపోతే, ఆ తరగతి విమానాలను చూపు ఆధారంగా నడిపేందుకే లైసెన్సు పరిమితమవుతుంది. ఎయిర్‌లైన్ ఉద్యోగం కోరేవారికి ఆ పరిమితి పెద్ద అడ్డంకి. ఫీజు కొంత తగ్గుతుందని దానికి ఒప్పుకోవడం తెలివైన పని కాదు.

భారత్‌లో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు పైలట్ ఇన్ కమాండ్‌గా 50 గంటల క్రాస్ కంట్రీ, 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ అనుభవం కావాలి. ఇన్‌స్ట్రుమెంట్ గంటల్లో కొంత భాగం సిమ్యులేటర్‌పై చేయవచ్చు. బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీలో గానీ మరెక్కడ గానీ చేరే ముందు, రెండు ఇంజిన్ల విమానం నిజంగా ఎగిరే స్థితిలో ఉందా, ఐఎల్ఎస్ ఉన్న విమానాశ్రయంలో అప్రోచ్‌లకు వీలు దొరుకుతుందా, సిమ్యులేటర్‌కు డీజీసీఏ ఆమోదం ఉందా అని రాతపూర్వకంగా అడగడం అవసరం. చదువు మాత్రం ఇంటి దగ్గరే మొదలుపెట్టవచ్చు: శంషాబాద్ విమానాశ్రయపు అప్రోచ్ చార్టులను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉచితంగా ప్రచురిస్తుంది. ఒక చార్టును ముందుంచుకుని ఏ దూరంలో ఏ ఎత్తు, ఏ వేగానికి ఎంత దిగుడు, ఎక్కడ నిర్ణయం, పైకి లేచాక ఎటు మలుపు అన్నది చూడకుండా చెప్పగలిగేదాకా సాధన చేసిన విద్యార్థి, మొదటి ఇన్‌స్ట్రుమెంట్ పాఠానికి వచ్చేసరికి ఖరీదైన ఫ్లయింగ్ గంటల్లో కొన్నిటినైనా ఆదా చేసుకుంటాడు.